రౌటరుపై వ్రాసిన వేగము

‘బ్యాండ్‌విడ్త్’ అను మాట రేడియో శ్రోతలకు క్రొత్తది కాదు. మీడియం వేవుపై మన దేశమున స్టేషనుకును స్టేషనుకును నడుమ పాటించు ఎడము 9 కిలోహెర్ట్జులు. ఒక స్టేషను పలుకు మాటయు, పాడు పాటయు ఆ కొద్దిపాటి చోటులో ఇమిడిపోవలెను. ఎఫ్‌.ఎం. ప్రసారమునకు ఇంచుమించు 200 కిలోహెర్ట్జుల చోటు దొరకును. చోటు హెచ్చుగా ఉండుట వలననే ఎఫ్‌.ఎం.లో వీణ మీటులోని సన్నని మ్రోత కూడ చెవికి చేరుచున్నది. కావున రేడియోవారి భాషలో బ్యాండ్‌విడ్త్ అనగా ఒక ప్రసారము ఆక్రమించు తరంగముల పట్టీ వెడల్పు.

కంప్యూటర్లను కలుపు లైన్లవారు ఇదే మాటను వేరొక అర్థమున వాడుచున్నారు. ఒక లైనుపై సెకనుకు ఎన్ని బిట్లు పోగలవో ఆ లెక్కను వారు బ్యాండ్‌విడ్త్ అందురు. ఒకటి, సున్న అను రెండు గుర్తులలో ఏదో ఒకటి బిట్టు. వెయ్యి బిట్లు ఒక కిలోబిట్టు. పది లక్షల బిట్లు ఒక మెగాబిట్టు. ఈ రెండు అర్థములకును చుట్టరికము లేకపోలేదు. పట్టీ ఎంత వెడల్పైనదో, అందులో సంకేతము రొదను ఎంత మించియున్నదో తెలిసినచో, సెకనుకు అత్యధికముగా ఎన్ని బిట్లు పంపవచ్చునో గణించు సూత్రమును అమెరికా శాస్త్రజ్ఞుడు క్లాడ్ షానన్ 1948లో ప్రకటించెను.

రౌటరు అను యంత్రమునందు ఇదే పేరుతో మూడవది యొకటి కలదు. పై రెండింటివలె అది కొలిచి తెలిసికొన్న సంఖ్య కాదు. మనుష్యుడు వ్రాసినది, లేదా యంత్రము తయారైననాడే అందులో వ్రాసి ఉంచినది. ఈ వ్రాతకును, లైనులో నిజముగా పారు వేగమునకును గల భేదము తెలియక, డబ్బు వెచ్చించి తెచ్చుకొన్న వేగము కార్యాలయములలోను, ఒక్కొక్కప్పుడు ఇండ్లలోను వృథా యగుచుండును. ఆ భేదమునే ఇచ్చట వివరింపదలచితిమి.

మొదట రౌటరనగా ఏమో చెప్పుకొందము. అది అనేక లైన్లు కలియు కూడలిలో నిలిచి, వచ్చిన ప్రతి సమాచారపు మూటను దాని చిరునామా చూచి తగిన దారిని పంపు యంత్రము. ఒక్కొక్క లైను వచ్చి రౌటరునకు తగులు వాకిలిని ఇంటర్‌ఫేసు అందురు. ఇంటిలోని చిన్న రౌటరునకు బయటి ప్రపంచమువైపు సాధారణముగా ఒకే వాకిలి యుండును. బ్యాంకుల యొక్కయు, ఆసుపత్రుల యొక్కయు, విశ్వవిద్యాలయముల యొక్కయు పెద్ద రౌటర్లకు అట్టి వాకిళ్లు పలు ఉండును. ఒకే గమ్యమునకు రెండు మూడు దారులున్నప్పుడు ఏ దారి మేలో రౌటరే నిర్ణయించుకొనవలెను.

ఇట్టి రౌటర్ల అమరికలలో ప్రతి ఇంటర్‌ఫేసునకును బ్యాండ్‌విడ్త్ అను ఒక పద్దు కలదు. అందులో ఆ లైను వేగము ఇన్ని కిలోబిట్లు అని వ్రాయుదురు. క్రొత్తగా ఈ పని నేర్చువారు పలువురు, ఈ సంఖ్యను పెంచినచో లైను వేగము పుంజుకొనుననియు, తగ్గించినచో మందగించుననియు భావింతురు. రెండును జరుగవు. పాతకాలపు సీరియల్ లైనులో బిట్లు నడచు వేగమును నిర్ణయించునది ఆవలి యంత్రము ఇచ్చు గడియారపు సంకేతము. ఈథర్‌నెట్ తీగలో దానిని నిర్ణయించునది రెండు కొసల యంత్రములును తమలో తాము కుదుర్చుకొన్న ఒప్పందము. అద్దెకు తీసికొన్న లైనులో ఆ సంస్థవారు తమ యంత్రమున పెట్టిన కట్టడి. బ్యాండ్‌విడ్త్ పద్దులోని సంఖ్యకు వీనిపై అధికారము లేదు.

అట్లయినచో ఆ సంఖ్య ఎందుకు? అడంగలును తలచుకొన్నచో విషయము సులభముగా బోధపడును. అడంగలులో ఎకరమును రెండెకరములని వ్రాసినంత మాత్రమున చేను పెరుగదు. కాని పన్ను వేయువారును, అప్పిచ్చువారును, పంట నష్టమునకు పరిహారము లెక్కకట్టువారును చేనిగట్టునకు రాక అడంగలునే చూచి పని నడిపినచో, ఆ తప్పు వ్రాత వలన పలు తప్పులు పుట్టును. రౌటరులోని బ్యాండ్‌విడ్త్ సంఖ్యయు అట్టిదే. లైను దానిని లక్ష్యపెట్టదు. రౌటరులోని లెక్కలన్నియు దానినే నమ్మును.

ఆ సంఖ్యను నమ్మువారు ముఖ్యముగా ముగ్గురు: దారిని ఎంచు విధానములు, లైను ఎంత నిండినదో చూపు మాపకములు, లైనును వాటాలుగా పంచు ఏర్పాట్లు. మొదటి దానితో ఆరంభింతము.

దారిని ఎంచు విధానములలో ఓ.ఎస్.పి.ఎఫ్. అనునది ప్రసిద్ధము. దాని మొదటి నిర్దేశము 1989లో వెలువడెను. నేటికిని వాడుకలోనున్న రెండవ రూపమునకు ఆధారమైన పత్రము 1998 నాటిది. డచ్చి గణిత శాస్త్రజ్ఞుడు ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1959లో ప్రచురించిన లెక్క దీనికి మూలము. ప్రతి లైనుకును ఒక ‘కాస్టు’, అనగా వ్యయము, కట్టుదురు. గమ్యమువరకు గల లైన్ల వ్యయములను కూడినప్పుడు ఏ దారికి మొత్తము తక్కువయగునో ఆ దారినే రౌటరు పట్టును. వ్యయము కట్టుటకు వాడుకలోనున్న పద్ధతి ఇది: 10 కోట్లను లైను బ్యాండ్‌విడ్త్‌తో, అనగా సెకనుకు ఇన్ని బిట్లు అను సంఖ్యతో, భాగించి భిన్నమును వదలివేయుట. వేగము హెచ్చినకొలది వ్యయము తగ్గును. 64 కిలోబిట్ల లైనుకు వ్యయము 1,562. 2,048 కిలోబిట్ల లైనుకు 48. 10 మెగాబిట్ల లైనుకు 10.

ఇచ్చట ఒక చరిత్రాంశమును మనవి చేయవలెను. సిస్కో రౌటర్లలో సీరియల్ ఇంటర్‌ఫేసుపై ఎవరును ఏమియు వ్రాయనప్పుడు, ఆ పద్దులో ముందే కనబడు సంఖ్య 1,544 కిలోబిట్లు. ఇది అమెరికా టెలిఫోను వ్యవస్థ నుండి వచ్చినది. అచ్చట బెల్ వ్యవస్థవారు 1962లో టి-1 అను లైనును ప్రవేశపెట్టిరి. అందులో 24 సంభాషణలకు ఒక్కొక్కదానికి 64 కిలోబిట్లు, వరుస తప్పకుండ చూచు గుర్తులకు 8 కిలోబిట్లు, వెరసి 1,544. మన దేశము అనుసరించినది ఐరోపా పద్ధతి. అందులో 64 కిలోబిట్ల గదులు 32. వెరసి 2,048 కిలోబిట్లు. ఇ-1 అనబడు ఆ లైనునే మన కార్యాలయములవారు ‘2 ఎం.బి. లైను’ అని వ్యవహరించిరి. అనగా మన దేశపు సీరియల్ లైనుపై ఎవరును సవరింపని సంఖ్య కనబడినచో అది అమెరికా లైను వేగమే కాని, మన లైను వేగము కాదు.

దీని ఫలితమెట్లుండునో ఒక కల్పిత ఉదాహరణముతో చూపుదుము. అనంతపురమున ఒక శాఖ, కర్నూలున ఒక శాఖ, హైదరాబాదున ప్రధాన కార్యాలయము గల సంస్థ యొకటి కలదనుకొందము. అనంతపురము నుండి హైదరాబాదునకు నేరుగా 64 కిలోబిట్ల పాత లైను కలదు. తరువాత అనంతపురము నుండి కర్నూలునకును, కర్నూలు నుండి హైదరాబాదునకును 2,048 కిలోబిట్ల లైన్లు తెప్పించిరి. కర్నూలు మీది దారి పాత దారికంటె 32 రెట్లు విశాలమైనది. కాని రౌటర్లపై బ్యాండ్‌విడ్త్ పద్దును ఎవరును ముట్టలేదు. మూడు లైన్లపైనను 1,544 అనియే యున్నది. ఒక్కొక్క లైను వ్యయము 64. నేరుగా పోవు దారికి మొత్తము 64. కర్నూలు మీదుగా 128. రౌటరు ఏమి చేయును? తక్కువ వ్యయమని 64 కిలోబిట్ల ఇరుకు దారినే పట్టును. క్రొత్త లైన్లకు నెలనెల అద్దె కట్టుచునే యుందురు. అనంతపురము శాఖలో తెర ముందు కూర్చున్నవారు ఎప్పటివలె నిరీక్షించుచునే యుందురు.

ఇప్పుడు ఉన్నది ఉన్నట్లు వ్రాయుదము. నేరు దారికి వ్యయము 1,562. కర్నూలు మీదుగా 48, 48 కలిసి 96. రౌటరు వెంటనే విశాలమైన దారికి మరలును. తీగ మారలేదు, యంత్రము మారలేదు, అద్దె పెరుగలేదు. మూడు సంఖ్యలు నిజమైనవి; అంతియే.

ఈ సవరణలో మరువరాని నియమము ఒకటి కలదు. లైనుకు రెండు కొసలున్నవి. ప్రతి కొసయందలి రౌటరును తాను బయటకు పంపు దిక్కునకే వ్యయము కట్టును. అనంతపురము కొసను సవరించి హైదరాబాదు కొసను మరచినచో, పోవు సమాచారము కర్నూలు మీదుగా పోవును. వచ్చునది మాత్రము పాత ఇరుకు దారినే వచ్చును. చూచువానికి లైను బాగుపడినట్లును పడనట్లును తోచును. ఇట్టి సందర్భములలో కారణము వెదకుట కష్టము. కావున రెండు కొసలను ఒకేసారి దిద్దుట మేలు.

నేడు 64 కిలోబిట్ల లైన్లు అరుదైనవి. అయినను ఇబ్బంది తీరిపోలేదు, రూపము మార్చుకొన్నది. 10 కోట్లను కొలబద్దగా పెట్టుకొన్న కాలమున సెకనుకు 10 కోట్ల బిట్లు, అనగా 100 మెగాబిట్లు, గొప్ప వేగము. దాని వ్యయము 1. వ్యయము 1కి తగ్గరాదు. తరువాత 1999లో సాధారణ రాగి తీగపై 1,000 మెగాబిట్ల ఈథర్‌నెట్ ప్రమాణము, 2002లో 10,000 మెగాబిట్ల ప్రమాణము వెలువడినవి. పాత కొలబద్దతో చూచినచో ఈ మూడింటికిని వ్యయము ఒకటియే. బండి బాటకును జాతీయ రహదారికిని ఒకే విలువ కట్టినట్లయినది. అందుచేత కొలబద్దనే పెంచుటకు రౌటర్లలో వీలు కల్పించిరి. లక్ష మెగాబిట్లను కొలబద్దగా పెట్టినచో 100 మెగాబిట్లకు వ్యయము 1,000, వెయ్యింటికి 100, పదివేలకు 10 అగును. అయితే ఆ వ్యవస్థలోని రౌటర్లన్నింటను ఒకే కొలబద్ద ఉండవలెను. ఒకరు గజములలోను మరియొకరు మీటర్లలోను కొలిచి కూడిన మొత్తమునకు అర్థము లేదు గదా.

సిస్కోవారి మరియొక విధానము ఇ.ఐ.జి.ఆర్‌.పి. ఇది దారిలోని లైన్లలో అన్నిటికంటె ఇరుకైన దాని బ్యాండ్‌విడ్త్‌ను, దారి పొడవున కలుగు ఆలస్యముల మొత్తమును కలిపి దారిని ఎంచును. దీనికి మరియొక అలవాటు కలదు. రౌటర్లు తమలో తాము వార్తలు చెప్పుకొనుటకు, వ్రాసియున్న బ్యాండ్‌విడ్త్‌లో సగమునకు మించి వాడరాదని ఇది తనకు తాను హద్దు పెట్టుకొనును. 64 కిలోబిట్ల లైనుపై 1,544 అని యున్నచో, సగము 772. అనగా ఆ హద్దు లైను మొత్తముకంటె పండ్రెండు రెట్లు హెచ్చు! సంక్షోభ సమయమున రౌటర్ల సంభాషణయే లైనును నింపివేసి, మనుష్యుల పనికి చోటు లేకుండ చేయవచ్చును.

ఇక రెండవ ఉపయోగము, మాపకము. లైను ఎంత నిండియున్నదో రౌటరు 255 పాళ్లలో ఇన్ని పాళ్లని చూపును. సాధారణముగా ఇది గడచిన అయిదు నిమిషముల సగటు. దూరము నుండి రౌటర్లను కనిపెట్టి గీతలు గీయు పరికరములు కూడ రౌటరు చెప్పిన వేగమునే ఆధారముగా తీసికొనును. ఒక కార్యాలయమునకు సేవాసంస్థ 50 మెగాబిట్ల సేవను ఇచ్చినదనుకొందము. లైను వచ్చి తగులు వాకిలి మాత్రము 1,000 మెగాబిట్ల ఈథర్‌నెట్. దిద్దనిచో రౌటరుపై కనబడు సంఖ్య ఆ వెయ్యియే. 50 మెగాబిట్లును పూర్తిగా నిండి, ఎవరి పనియు సాగక యున్నప్పుడు కూడ మాపకము 255లో 12 పాళ్లని, అనగా నూటికి 5 పాళ్లని చూపును. కాపలా యున్నవారు దానిని చూచి, “లైను ఖాళీగనే యున్నది, లోపము మీ కంప్యూటరులోనే యున్నది” అని బదులు చెప్పుదురు. జ్వరము నూటమూడున్నను సాధారణమని చూపు థర్మామీటరు ఎంత ప్రమాదకరమో ఇదియు అంతే. 50,000 కిలోబిట్లని నిజము వ్రాసిననాడు మాపకము నిజము చెప్పును.

మూడవది వాటాల పంపకము. ఒక ఆసుపత్రిలో వైద్యుడు దూరపు రోగితో తెరపై మాటలాడుచుండగా, ప్రక్క గదిలో పెద్ద దస్త్రము నొకటి దింపుకొనుచుండవచ్చును. మాటకు ముందు చోటిచ్చి దస్త్రమును కొంత ఆపవలెను. అందుకై లైనులో నూటికి 20 పాళ్లు మాటకు ప్రత్యేకింపవచ్చును. 20 పాళ్లు దేనిలో? వ్రాసియున్న బ్యాండ్‌విడ్త్‌లో. వెయ్యిలో 20 పాళ్లు 200 మెగాబిట్లు. నిజమైన లైను 50 మాత్రమే. నాలుగు కుంచముల గాదెలో పదహారు కుంచములు కేటాయించినట్లగును. అంతేకాదు, రౌటరు దృష్టిలో వాకిలి వెయ్యి మెగాబిట్లది కావున అచ్చట రద్దీ యేర్పడదు, వరుస కట్టదు. వరుస కట్టనిచో ముందు వెనుకలు నిర్ణయించు పనియే పడదు. రద్దీ అంతయు సేవాసంస్థవారి యంత్రము వద్ద జరుగును. ఏది వైద్యుని మాటయో, ఏది దస్త్రమో ఆ యంత్రమునకు తెలియదు. చోటు చాలనప్పుడు మాటయు తెగును.

దీనికి కేవలము బ్యాండ్‌విడ్త్ సంఖ్యను దిద్దుట చాలదు. రౌటరు తానే 50 మెగాబిట్లకు కొంచెము లోపలగా తన పంపకమును ఆపుకొనునట్లు వేరొక ఏర్పాటు చేయవలెను. దీనిని షేపింగు అందురు. ఇది అడంగలు వ్రాత వంటిది కాదు. కాలువకు బిగించిన తూము తలుపు వంటిది. నిజముగా ప్రవాహమును ఆపును. తలుపు మన రౌటరునందే యున్నప్పుడు వరుస మనయొద్దనే కట్టును. ఎవరిని ముందు పంపవలెనో మనమే నిర్ణయించుకొనవచ్చును.

అనుభవముగల పనివారిలోనే కొందరు వేరొక పొరపాటు చేయుదురు. సమాచారమును ఒక దారి నుండి మరియొక దారికి మరల్చవలసినప్పుడు, బ్యాండ్‌విడ్త్ పద్దులో కావలెనని అసత్యపు సంఖ్యను వ్రాయుదురు. దారి మరలుట నిజమే. కాని ఆ ఒక్క వ్రాతతో మాపకము చెడును, వాటాలు చెడును, తరువాత వచ్చిన పనివాడు ఆ సంఖ్యను నమ్మి మోసపోవును. దారిని మరల్చుటకు వేరు ఉపాయములున్నవి. ఓ.ఎస్.పి.ఎఫ్.లో వ్యయమునే నేరుగా వ్రాయవచ్చును, ఇ.ఐ.జి.ఆర్‌.పి.లో ఆలస్యపు సంఖ్యను మార్చవచ్చును. ఇష్టమును ఇష్టముగా వ్రాయుట, కొలతను కొలతగా వ్రాయుట, ఈ రెంటిని కలపకుండుట ఉత్తమమని మా అభిప్రాయము.

ఇంతవరకు చెప్పినది పెద్ద రౌటర్ల సంగతి. గృహస్థులకు ఇందులో పనికివచ్చున దేమి? ఇంటిలో కూడ వేగమును గూర్చిన సంఖ్యలు పలుచోట్ల కనబడును. అవి మూడు విధములు.

మొదటిది కుదిరిన వేగము. ఫోనులో వైఫై వివరములందు కనబడు ‘లింకు స్పీడు’ ఫోనుకును రౌటరుకును నడుమ అప్పటికి కుదిరిన వేగమే. ఇంటిలోపలికి వచ్చు లైను వేగము కాదు. అచ్చట 400 మెగాబిట్లని కనబడినను, తీసికొన్న సేవ 50 అయినచో వచ్చునది 50. కాని ఈ సంఖ్య ఒకప్పుడు లోపమును కూడ పట్టియిచ్చును. ఈథర్‌నెట్ తీగలో నాలుగు జతల రాగి పోగులుండును. సాధారణ 1,000 మెగాబిట్ల వేగమునకు నాలుగు జతలును కావలెను. 100 మెగాబిట్లకు రెండు జతలు చాలును. 300 మెగాబిట్ల సేవకు డబ్బు కట్టియు వందకు మించి రానప్పుడు, రౌటరులో ఆ తీగకు కుదిరిన వేగము 100 అని కనబడుచున్నచో, తీగలో పోగు తెగినదేమో, కొన సరిగా బిగియలేదేమో చూచుకొనవలెను. తీగ మార్చినంతనే తీరిపోవు ఇబ్బంది కావచ్చును.

రెండవది కట్టడి చేయు వేగము. కొన్ని గృహ రౌటర్లలో ‘క్యూ.ఓ.ఎస్.’ అను పుట కలదు. పిల్లల పాఠమునకును, పెద్దల సంభాషణకును ముందు చోటిచ్చుటకు అది సాయపడును. అందులో మీ లైను వేగము ఎంతయని అడుగును. ఇచ్చట వ్రాసిన సంఖ్య తూము తలుపుగా పనిచేయుట కద్దు. 10 మెగాబిట్ల సేవ యున్ననాడు 10 అని వ్రాసి, తరువాత 100 మెగాబిట్ల సేవ తీసికొని ఆ పుటను మరచినచో, క్రొత్త లైను వచ్చినను ఇంటిలో పారునది పదియే. సేవాసంస్థపై ఫిర్యాదు చేయుటకు ముందు ఈ పుటను ఒకసారి తెరచి చూచుట మంచిది.

మూడవది కేవలము ప్రకటించిన వేగము. పైన విపులముగా చెప్పిన బ్యాండ్‌విడ్త్ పద్దు ఈ కోవలోనిది. చిన్న రౌటర్లలో ఇది అరుదు; దుకాణములు, పాఠశాలలు, చిన్న కార్యాలయములు నడుపువారికి తటస్థపడవచ్చును.

కావున రౌటరుపై ఏ సంఖ్య కనబడినను మూడు ప్రశ్నలు వేసికొనుడు: ఇది ఎవరు వ్రాసినది? దీనిని చదివి ఏ లెక్క సాగుచున్నది? ఇది ప్రవాహమును ఆపునా, ఊరక తెలుపునా? నిజమైన వేగమెంతో తెలియుటకు, ఇంటిలో మరెవరును లైనును వాడని వేళ, కంప్యూటరును తీగతో రౌటరునకు కలిపి, వేగము కొలుచు పరీక్షను రెండు మూడుసార్లు చేసి చూడుడు. ఆ ఫలితమును తీసికొన్న సేవతోను, రౌటరుపై వ్రాసిన సంఖ్యలతోను సరిచూచుకొనుడు. మూడును పొసగియున్నచో ఇక రౌటరును ముట్టనక్కర లేదు. లైను మార్పించుకొన్ననాడు మాత్రము, తీగ బిగించి పనివాడు వెడలకముందే, ఆ వ్రాతను కూడ మార్పించుకొనుట మరువకుడు.